అమ్మమ్మ గది కిటికీ

ఆ యూనివర్సిటీలో ఆరు విభాగాలున్నా, దరఖాస్తులో ఒక్కదానికే టిక్కు పెట్టాలి. పెట్టి పంపాక మార్చడం కుదరదు. గడువు సాయంత్రం ఐదింటికి. బావ జిరాక్సు షాపులో కంప్యూటరు ముందు కూర్చున్న చిన్నది పొద్దుటి నుంచీ ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు.

ఆమెకు కావలసింది ఆర్కిటెక్చర్. అందులో నలభై సీట్లే. నర్సింగులో రెండొందలున్నాయి, పోటీ కూడా తక్కువ.

"ఏ గుమ్మంలోంచి వెళ్తే ఏంటి మరదలా, లోపల పడటం ముఖ్యం," అన్నాడు బావ, ఎవరివో సర్టిఫికెట్లు కాపీ తీస్తూ. "నీ మార్కులకి ఆ నలభైలో నలభై ఒకటోది నువ్వే."

"ఆ మిషన్‌కి ఉన్నట్టు నీ నోటికీ ఓ మూతుంటే బాగుండేది బావా."

అన్నదే గానీ, నర్సింగుకే టిక్కు పెట్టింది. 'ఈ విభాగమే ఎందుకు?' అన్న పేజీ గుక్క తిప్పుకోకుండా రాసేసింది. మంచం పట్టిన అమ్మమ్మకు ఆఖరి రెండేళ్లూ సేవ చేశాననీ, రెండు గంటలకోసారి కుడివైపుకు తిప్పి వీపుకు పౌడరు అద్దేదాన్ననీ రాసింది. చదువుకుంటే తనకే కళ్లు చెమ్మగిల్లాయి.

మధ్యాహ్నం అక్క క్యారియరుతో వచ్చింది. బావతో పెళ్లయి రెండు నెలలే. ఆమె వీధి మలుపు తిరగడం చూసి, బావ ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వేసుకున్నాడు.

"ఏదీ, అచ్చుతప్పులు చూస్తాను," అని అక్క తెర ముందుకు వంగింది. చివరిదాకా చదివింది.

"కుడివైపు అని రాశావు. అటు అమ్మమ్మ పడుకోలేకపోయేది. ఎడమ అని మార్చు."

అంతే. క్యారియరు గిన్నెలు విప్పసాగింది.

ఆ సేవంతా అక్కదే. డిగ్రీ రెండో ఏడాదిలో మానేసి మరీ చేసింది. చిన్నది ఆ గదిలో అడుగైనా పెట్టలేదు. మందుల వాసన పడేది కాదు. గుమ్మం దగ్గరే నిలబడి, "ఎలా ఉన్నావు అమ్మమ్మా?" అని అడిగి జారుకునేది.

"అక్కా..."

"ముందు తిను. ఆ రెండేళ్లు నాకేం పనికొచ్చాయి గనక. నీకు సీటు వస్తుందంటే వాడుకో."

బావ మిషన్ ఆపేశాడు. చిన్నది కలిపిన ముద్ద గిన్నెలోనే వదిలేసింది.

గుమ్మంలోంచి తను చూసిందేమిటి? ఇరుకు గదికి అడ్డంగా మంచం. అమ్మమ్మ తల వెనక కిటికీ. "బయట వానా, ఎండా?" అని ఆవిడ రోజూ అడిగేది. ఆ మంచాన్ని ఎటు తిప్పితే కిటికీ కనబడుతుందోనని లెక్కల పుస్తకం వెనక పేజీల్లో తను ఎన్నిసార్లు గీసిందో.

నాలుగున్నరకు అంతా చెరిపేసి ఆర్కిటెక్చరుకు టిక్కు పెట్టింది. 'మా అమ్మమ్మ గదిలోకి నేను వెళ్లలేదు. సేవంతా మా అక్క చేసింది. నేను గుమ్మంలో నిలబడి ఆ మంచాన్ని కొలిచాను,' అని మొదలుపెట్టింది.

అక్క అదీ చదివింది.

"మంచం తిరిగేదా?"

"అలమర తలుపు ఊడదీస్తే తిరిగేది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదే," అంది అక్క, నెమ్మదిగా.

చిన్నది గడియారం చూసింది. టైము ఐదుకు నాలుగు నిమిషాలు తక్కువ. కళ్లు తుడుచుకుని, పంపే బటన్ నొక్కింది.