డోరీన్ ఇంట్లో జారిపోయే ముల్లు

మా యార్క్‌షైర్ సీమ మొత్తంలో, నీళ్ళు కాచి ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ గొట్టానికి చెవి ఆనించి జబ్బు చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో, ఎంత కారుతున్నాయో, ఆ ఇంటావిడ నిన్న ఏం వండిందో కూడా చెప్పేస్తాను.

పక్కింటి డోరీన్ సగ్డెన్ నన్ను పిలిచింది అందుకే. ఆవిడ వంటింటి గోడకి కొత్తగా బిగించిన బాయిలర్‌లో నీళ్ళ ఒత్తిడి నిలవడం లేదు. ఒత్తిడి చూపే ముల్లుని పచ్చగీత దాకా ఎక్కిస్తే వారం తిరక్కుండా అడుక్కి జారుతుంది. బాయిలర్ అలిగి ఆగిపోతుంది. ఇల్లంతా మంచుగడ్డ.

ఇల్లు అద్దెది, హౌసింగ్ సొసైటీవాళ్ళది. వాళ్ళ ఆఫీసరు పెంబర్టన్ వచ్చి, "రాతి నేల కింద గొట్టం పగిలింది మేడమ్. మొత్తం తవ్వాలి. అందాకా మీరు ఊరవతల ఫ్లాటులో ఉండాలి" అన్నాడు.

"అందాకా అంటే ఎందాకా నాయనా?"

"పనయ్యేదాకా."

ఇంతలో ఫోను మోగితే అతను వీధిలోకి వెళ్ళాడు. మేమిద్దరం కిటికీలోంచి చూస్తున్నాం. నేనూ డోరీనూ నేత మిల్లులో పనిచేసినవాళ్ళమని పాపం అతనికి తెలియదు. మగ్గాల మోతలో మాట వినపడదు కనక పెదాలు చూసి కబుర్లాడుకోవడం మాకు అలవాటు. అద్దం అవతల అతని పెదాలు స్పష్టంగా అన్నాయి: "ముసలావిడ బయటికి కదిలితే చాలు సార్. తర్వాత ఇల్లు అమ్మకానికి పెట్టేద్దాం."

డోరీన్ కూడా చప్పుడు లేకుండా పెదాలతోనే ఒక మాట అంది. దాన్ని నేనిక్కడ రాయను. ఆవిడ చర్చిలో పాటలు పాడే మనిషి.

"చూడు విల్ఫ్," అంది తర్వాత, "ఆ కారేదేదో ఎక్కడ కారుతోందో తేల్చు. నేను మాత్రం కదలను. కదపాలంటే నన్ను ఇటుకలతో సహా ఎత్తుకుపోవాలి."

నేను బోర్లా పడుకుని నేలకి చెవి ఆనించాను. "చుక్క చప్పుడు లేదు" అని తీర్పు చెప్పాను.

"ఏ చెవి ఆనించావు?"

"కుడి."

"అది మిల్లుకంటే ముందే మూతపడింది కదయ్యా!"

నిజమే. ఎడమదీ అంతంతమాత్రమే. నేల కింద నది పారినా నాకు వినపడదు. కాబట్టి నా చెవి గొప్ప అక్కడితో సరి. ఇక కళ్ళతోనే వెతకాలి.

ఒత్తిడి మితిమీరితే బాయిలర్ నీళ్ళు వదిలే రాగి గొట్టం పెరట్లో ఉంటుంది. దాని మూతికి ప్లాస్టిక్ సంచి కట్టాను. మర్నాడు చూస్తే పొడిగా ఉంది. వేడినీళ్ళతో గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్ల కింద పాత పేపర్లు పరిచాను. చెమ్మ లేదు. బాయిలర్ ఆర్పి, దాన్ని ఇంటి గొట్టాలకి కలిపే కింది రెండు వాల్వులూ మూసి పూటంతా చూశాను. ముల్లు కదల్లేదు. అంటే బాయిలర్ మంచిదే. నీళ్ళు పోతున్నది అవతలే, ఇంటి గొట్టాల్లో.

డోరీన్ నా మొహం చూసింది. "ఆ పిల్లగాడు చెప్పిందే నిజమంటావా?"

"అనను."

"అనకు. టీ తాగు."

వాల్వులు తెరిచి, ఒత్తిడి ఎక్కించి, ముల్లుకి ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. టీ ఇచ్చి ఆవిడ ముందుగదిలోకి పోయింది. ముల్లు కాస్త దిగింది. ఆగింది. మళ్ళీ దిగింది. చిల్లు పడ్డ గొట్టమైతే ఒకే తీరున కారాలి గానీ, ఇలా మెట్లు దిగినట్టు ఆగి ఆగి కారుతుందా?

లేచి వెళ్ళాను. డోరీన్ రేడియేటరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న తాళంచెవితో మర తిప్పి, కప్పులోకి నీళ్ళు పడుతోంది.

"ఏం చేస్తున్నావు తల్లీ?"

"గాలి తీస్తున్నా. నీళ్ళు తేటగా వచ్చేదాకా తియ్యాలి. మా హెరాల్డ్ రోజూ పొద్దున్నే తీసేవాడు. ఆయన పోయాక నేను తీస్తున్నా. నా ఇంట్లో ఏనాడూ చలి లేదు!"

"హెరాల్డ్ రోజుల్లో అటక మీద తొట్టి ఉండేది. మీరు తీసినన్ని నీళ్ళూ అదే నింపేది. కొత్త బాయిలర్ పెట్టినప్పుడు ఆ తొట్టి పీకేశారు. ఇప్పుడిది బిరడా బిగించిన సీసా. ఇన్నాళ్ళూ కారింది గొట్టం కాదు డోరీన్, నువ్వే."

"అయితే హెరాల్డ్‌ది తప్పంటావా?"

"హెరాల్డ్‌ది తప్పు కాదు, నీదీ కాదు. తొట్టి పీకినవాళ్ళు నీకొక మాట చెప్పి చావొద్దూ!"

 ఆవిడ తాళంచెవిని ఏప్రన్ జేబులో వేసుకుంది. "ఈ సంగతి ఆ పెంబర్టన్‌కి చెప్పకు."

"చచ్చినా చెప్పను."

ఆ తర్వాత ముల్లు పచ్చగీత వదల్లేదు. పెంబర్టన్ నేల పగలగొట్టే మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ముల్లు చూసి తెల్లబోయాడు.

"ఎవరు బాగుచేశారు?"

"దానికే బుద్ధొచ్చింది" అన్నాను.

"మళ్ళీ పడిపోవచ్చు. ఎందుకైనా మంచిది, తవ్వేద్దాం. మీరు సామాను సర్దుకోండి మేడమ్" అని, బయట నిలబడ్డ మనుషుల్ని పిలవడానికి గుమ్మం దిగాడు. నేనూ అతని వెనకే దిగాను.

డోరీన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఈ రాళ్ళు మా ఆయన తోమిన రాళ్ళు. ఈ గోడలు మిల్లు కూలి డబ్బుతో సున్నం వేసుకున్న గోడలు. నీకు ఇల్లు అమ్ముకోవాలనుంటే మీ అమ్మ ఇల్లు అమ్ముకో. నా నేల మీద గునపం పడితే నువ్వు ఫోనులో అన్న మాటలు వీధి వీధంతా తిరిగి చెప్తా!" అంది. పనివాళ్ళు టోపీలు తీసి చప్పట్లు కొట్టారు. పెంబర్టన్ కారెక్కి పోయాడు. మళ్ళీ రాలేదు. డోరీన్ ఆ ఇంట్లోనే ఉంది.

ఇంతకీ ఆ ఉపన్యాసమూ ఆ చప్పట్లూ నేను కల్పించినవే. నిజానికి ఆవిడ నోరే విప్పలేదు. అతను ఇటు తిరిగి ఏదో చెప్పబోతుంటే తలుపు వేసి గడియ పెట్టేసింది. వానలో అతనితోపాటు నేనూ బయటే ఉండిపోయాను.