కొత్త మందు

మంచం మీది మనిషిని లేపకుండా కింది దుప్పటి మార్చడం ఒక విద్య. మనిషిని ఒక పక్కకు ఒత్తిగిలించి, పాత దుప్పటిని వీపు దాకా చుట్టి, ఉతికింది పరిచి, మళ్ళీ రెండో పక్కకు తిప్పాలి. ఆ ఇంటి కోడలికి ఈ విద్య పది నెలల్లో పట్టుబడింది. ఆఫీసులో ఉన్న సెలవులన్నీ వాడేసి, ఆపై జీతం లేని సెలవు పెట్టి మరీ నేర్చుకుంది. "నీది చిన్న ఉద్యోగమేగా, ఏం కొంప మునుగుతుంది?" అన్నాడు భర్త. నిజమే, ఏ కొంపా మునగలేదు. తిప్పిన ప్రతిసారీ అత్తగారు పళ్ళు బిగబట్టి మూలిగేది. "అయిపోయిందత్తయ్యా, అయిపోయింది" అనేది కోడలు. మొదట్లో ఆ మూలుగు వింటే చేస్తున్న పని ఆపేసేది. రానురాను కుక్కర్ కూత విన్నట్టు వినడం అలవాటైంది. అలా అలవాటైనందుకు సిగ్గుపడాలని ఆమెకూ తెలుసు. కానీ సిగ్గుపడడానికైనా కాస్త ఓపిక మిగలాలి కదా.

అత్తగారికి కేన్సర్ అని తేలిన వారంలోనే డాక్టరు, పాలియేటివ్ కేర్ వాళ్ళకు కూడా చూపించమని చీటీ రాసిచ్చాడు. భర్త ముఖం మాడిపోయింది. "అంటే హాస్పిసేగా! చావబోయేవాళ్ళని పడేసే చోటు. మా అమ్మకింకా వైద్యం చేయిస్తున్నాం" అన్నాడు. "అమ్మని వదిలేసుకుంటామా అన్నయ్యా?" అని ఆడపడుచు ఫోన్లో ఏడ్చింది. గట్టున కూర్చుని ఎంతసేపైనా ఏడవచ్చు. మర్నాడు రిపోర్టులు తేవడానికి ఆస్పత్రికి వెళ్ళిన కోడలు మాత్రం అక్కడి నర్సును పక్కకు పిలిచి అడిగింది. "రెండూ ఒకటి కాదమ్మా" అంది నర్సు. "జబ్బు నయం చేసే వైద్యం ఇక పనిచెయ్యదని ఆపేశాక, ఆఖరి నెలల్లో చూసుకునేది హాస్పిస్. పాలియేటివ్ అంటే మొదటి రోజు నుంచే, కీమో ఓ పక్క నడుస్తుండగానే, నొప్పీ వాంతులూ నిద్రా అన్నీ చూస్తారు. దీనికోసం ఏదీ మానక్కర్లేదు."

ఆ సాయంత్రం వడ్డిస్తూ ఈ మాట చెప్పింది. "నీకు డాక్టరు డిగ్రీ ఎప్పుడొచ్చింది?" అన్నాడు భర్త. పిల్లలు నవ్వారు. గరిటె పట్టుకుని తనూ నవ్వింది. చీటీ వంటింట్లో పప్పుల డబ్బాల వెనక్కి చేరింది. ఇంకోసారి అంటే మొగుడికి కోపం, అనకపోతే మంచం మీది మనిషికి నొప్పి. కోపమైతే ఇల్లంతా వినిపిస్తుంది. నొప్పికి తలుపు దగ్గరగా వేస్తే సరిపోతుంది. ఆమె తలుపు వేసింది.

పోయిన వారం ఆ డాక్టరే కీమో ఇక ఆపేద్దామన్నాడు. ఈసారి హాస్పిసే అన్నాడు. "అమ్మకి నొప్పి లేకపోతే అదే చాలండీ" అని భర్త కళ్ళు తుడుచుకున్నాడు. ఇంటికొచ్చే నర్సు ఒకావిడ కుదిరింది. నాలుగు గంటలకోసారి తాగించమని ఒక మందు ఇచ్చింది. మూడో రోజుకల్లా అత్తగారు దిండుకు ఆనుకుని కూర్చుని, జుట్టు దువ్వమని అడిగింది.

ఈ పొద్దున నర్సు హాల్లో కూర్చుని కాగితాలు నింపుతూ, "ఇంతకుముందు పాలియేటివ్ కేర్‌లో చూపించారా సార్?" అంది.

"లేదండీ. మాకెవరూ చెప్పలేదు" అన్నాడు భర్త.

కాఫీ తెస్తున్న కోడలు గుమ్మంలోనే ఆగి అతని ముఖం చూసింది. ఇరవయ్యేళ్ళ కాపురంలో అతను అబద్ధమాడితే ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇది అలా లేదు. అతను నిజంగానే మరిచిపోయాడు. డాక్టరు రాసిన చీటీనీ, ఆమె చెప్పిన మాటనీ, పిల్లల నవ్వునీ, అన్నిటినీ. తనకు కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. "పంచదార సరిపోయిందా అండీ?" అని నర్సును అడిగింది.

మధ్యాహ్నం దుప్పటి మారుస్తుంటే అత్తగారు ఆ పక్కకూ ఈ పక్కకూ తిరిగింది. ఒక్కసారీ మూలగలేదు. అదే ఆవిడకూ వింతగా తోచినట్టుంది.

"ఇదేదో ముందే ఇచ్చుంటే ఎంత బాగుండేదే అమ్మాయ్! ఈ మందు ఈమధ్యే కనిపెట్టారా?"

అవునంటే సరిపోయేది. కొడుకు బంగారం లాంటి కొడుకుగా మిగిలేవాడు. తల్లి నిశ్చింతగా పోయేది. నోట్లో నాలుక లేని కోడలన్న పేరు ఆమెకూ నిలిచేది.

"కాదత్తయ్యా" అంది కోడలు, దుప్పటి అంచు పరుపు కిందికి తోస్తూనే. "పది నెలల క్రితమే ఇస్తామన్నారు. మీ అబ్బాయి వద్దన్నారు. ఆయన అనుకున్నది వేరు, వాళ్ళు ఇస్తామన్నది వేరు అని నాకు తెలుసు. ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. మిమ్మల్నీ అడగలేదు."

ఇన్ని నెలల్లో మొదటిసారి ఆమెకు భయం వేసింది. తిడుతుందనుకుంది. కొడుకును పిలుస్తుందనుకుంది. అత్తగారు పైకప్పు వంక చూస్తూ పడుకుంది.

"నన్నడగాల్సింది" అంది చివరికి.

"అవునత్తయ్యా."

ఆవిడ కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది.

"అడిగినా ఏం లాభంలే. అబ్బాయినడగమనేదాన్ని."