షెడ్డు లైను ఇళ్లు

పాము మనిషిని చూసి కాటేయదు. కంపెనీ ఆస్పత్రిలో మందు మాత్రం మనిషిని చూసే ఇస్తారు.

హోండురాస్ అరటి తోటలో గెలలు కోసే డెల్ఫినాను పాము కరిస్తే, తోటివాళ్లు దుప్పట్లో ఆస్పత్రి గేటు దాకా మోసుకొచ్చారు. కోతవాళ్లు కాంట్రాక్టరు మనుషులు, వాళ్లకు ఆస్పత్రి లేదు. పళ్లు కడిగి పెట్టెల్లో సర్దే షెడ్డు ఆడవాళ్లకు ఉంది. షెడ్డు లైనులో కంపెనీ ఇచ్చిన కుళాయి ఉన్న ఇల్లు, పిల్లలకు పాలు కూడా ఉన్నాయి. కొడుకు దగ్గుమందు కోసం వచ్చిన షెడ్డు మనిషి నికనోరా అప్పుడు గేటు దగ్గరే ఉంది. డెల్ఫినా బిడ్డకు చర్చిలో బాప్తిస్మమప్పుడు నిలబడిన జ్ఞానతల్లి ఆమే. అక్కడ జ్ఞానతల్లి అంటే బిడ్డ తల్లికి తోబుట్టువు కిందే లెక్క. ఆ సంగతి గేటు కాపలావాడికీ తెలుసు.

"ఈమె నీకేమన్నా అవుద్దా?" అన్నాడు వాడు, అవునంటే వదిలేద్దామన్నట్టు.

బయటివాళ్లను చుట్టాలని చెప్పి లోపలికి తెచ్చినందుకు కంపెనీ వాళ్లు ఒకామెను ఇల్లు ఖాళీ చేయించి సామాను రోడ్డున పడేయడం నికనోరా కళ్లారా చూసింది.

"మా లైను మనిషి కాదు," అంది.

"పోనీలే అక్కా," అంది డెల్ఫినా. గేటు బయటే ప్రాణం పోయింది.

మట్టి చేసి వచ్చిన కోతవాళ్లు కత్తులు కింద పెట్టేశారు. షెడ్డులోకి మేనేజరు నవ్వుకుంటూ వచ్చి, పని ఆపనివాళ్లకు కొత్త పొయ్యిలు ఇప్పిస్తానన్నాడు. అతను వెళ్లగానే ఆడవాళ్లు రెండుగా చీలిపోయారు. కోతవాళ్ల గొడవ మనకెందుకని కొందరు గట్టిగానే వాదించారు. షెడ్డులో అందరికన్నా పెద్దది కసిమీరా లేచింది.

"కోతకి రేపొచ్చినోడైనా పనికొస్తాడు. మనకు చెయ్యి తిరగాలంటే ఏడాది పడుద్ది. కూలి పెంచితే అది మూటగట్టుకుని ఇంకో తోటకి పోతాం. ఇల్లు మూటగట్టుకుని పోగలమా? అందుకే ఇచ్చారే పిచ్చిమొహాల్లారా, పశువుకి కట్టుకొయ్యలాగా."

నికనోరా తలెత్తలేదు. "ఆ ఇంటి కోసమే డెల్ఫినాని చంపుకున్నా," అంది. ఊరుకోమని ఒక్కరూ అనలేదు. ఆమెకూ ఆ ఓదార్పు అక్కర్లేదు.

ఆ మాటతో, వాదించినవాళ్లు కూడా ఆ ఇళ్లు వద్దనుకున్నారు. తెల్లవారేసరికి షెడ్డు లైను ఖాళీ అయింది. గెంటేస్తామని బెదిరించడానికి వచ్చిన మేనేజరుకు బార్లా తెరిచిన తలుపులే కనిపించాయి. మంచాలు, గిన్నెలు, పిల్లలతో సహా ఆడవాళ్లు కోతవాళ్ల పాకలకు చేరారు. డెల్ఫినా తల్లి ఎడువీహెస్ నికనోరాకు చోటు చూపించింది కానీ మొహం చూడలేదు.

మధ్యాహ్నానికి అందరూ రైలు పట్టాల మీద కూర్చున్నారు. అరటిపళ్ల బండి కదల్లేదు. సైనికుల లారీలు వచ్చి ఆగాయి. ఎడువీహెస్ జరిగి నికనోరా పక్కకు వచ్చింది.

"నిన్ను క్షమించలేదు," అంది. "చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకో."