కనకవ్వ కాయిదం

నా నోరు మంచిది కాదని మా చుట్టాలల్ల అందరికీ తెలుసు. నా ముందట ఎవడన్న "కుంటి" అన్నడంటే వాని పని అయిపోయినట్టే. బస్సుల కండక్టరైనా, సొంత మేనమామైనా నాకు ఒకటే. నాలుగేండ్లప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడ్డది. మా బాపు జగపతిరావుకు భూములున్నయి గనుక మద్రాసు దాక తీస్కపోయి చూపెట్టిండు, నేను ఎదిగినప్పుడల్లా కొత్త కాలిపర్ చేపిచ్చిండు. కాలిపర్ అంటే తొడ నుంచి మడమ దాక రెండు ఇనుప పట్టీలు, తోలు బెల్టులు, కింద బూటు. అది తొడుక్కుంటే నిలవడత, తీస్తే పడుత. డిగ్రీ అయినంక ఇంట్ల ఊకె కూసుండబుద్ధి కాక ధర్మపురిల వికలాంగుల సంఘం పెట్టిన. ఇది తొంభై మూడు నాటి ముచ్చట.

సంఘంల పద్దెనిమిది మందిమి. మొదటి రూలు, ఎవ్వరిని అవిటి పేరు పెట్టి పిలవద్దు. రెండో రూలు, ఎవ్వరి ముందట దీనంగ నిలవడద్దు. రెండూ నేనే రాసిన. ఒక్కరు గూడ అడ్డం చెప్పలే. మనోరమ దొరసాని చెప్తుంటే అడ్డమెవరు చెప్తరు? అందరికి నచ్చినయనే అనుకున్న నేను.

కనకవ్వ అప్పటికి పంతొమ్మిదేండ్ల పిల్ల, నా లెక్కనే చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు వంగిపోయింది. బాపు లేడు. తల్లి బుచ్చవ్వ బీడీలు చేస్తది, కండ్లు మసకలు పడుతున్నయి. నేను మొదటిసారి వాళ్లింటికి పోయిననాడు కనకవ్వ రెండు చేతులకు పాత హవాయి చెప్పులు తొడుక్కొని వాకిట్లకు పాక్కుంట వచ్చింది. అప్పుడే మనసుల గట్టిగ అనుకున్న, ఈ పిల్లను నిలవెడత అని.

నిలవెట్టిన. వంగిన మోకాలు సాపు చేసెటందుకు నెలన్నర కట్టు కట్టిచ్చినం. తర్వాత నేనే కొలతలిచ్చి కాలిపర్ తెప్పిచ్చిన. ఏడు నెలలు మా ఇంటి వసారల రోజూ నడిపిచ్చిన. మొండి పిల్ల. పడ్డది, లేసింది, మల్ల పడ్డది. "కిందికేం చూస్తున్నవే, నేల మీద ముక్కుపుల్ల పారేసుకున్నవా?" అని నేను ఎక్కిరిస్తే నవ్వి తల ఎత్తేది. ఎండకాలం వచ్చేసరికి కర్ర లేకుండ గోదారి మెట్ల దాక పోయింది. ఆనాడు సంఘమంతా ఎంబడి నడిచింది. నా బతుకుల అంత సంబురం నాకెన్నడు కాలే.

గప్పుడే బస్టాండు కాడ టెలిఫోన్ బూతు వికలాంగులకు ఇస్తరని తెలిసింది. మా దిక్కు ఇంటికొకడు దుబాయ్‌లనో మస్కట్‌లనో ఉన్నడు, బూతు కాడ పొద్దుందాక జనమే. అది దొరికితే బుచ్చవ్వ కండ్లకు ఆరాం, కనకవ్వ ఒకరి మీద పడి బతికే పని లేదు. షరతు ఒకటే. నూటికి నలభై వంతుల వైకల్యం ఉన్నదని డాక్టర్లు కాయిదం రాసియ్యాలె.

దవాఖానకు పోయే నాడు పొద్దుగాల బుచ్చవ్వ నా దగ్గరికి వచ్చి మెల్లగ అన్నది. "దొరసానీ, ఆ ఇనుపకాలు ఇయ్యాల ఇంట్ల పెట్టిపోదామా?"

"ఎందుకు?" అన్న.

"ఎందుకంటే... డాక్టర్లు చూస్తరు గద."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అడుక్కోను పోతున్నమా మనం? హక్కు అడగను పోతున్నం. నీ బిడ్డ తల ఎత్తుకొని పోతది" అన్న. బుచ్చవ్వ తల వంచుకొని అవతలికి పోయింది. పాపం, ఆ ముసలామె రెండో మాట మాట్లాడితే బాగుండు.

దవాఖానల పొడుగు వరండ, నేల మీద ఉమ్ములు, నీళ్లు, నలభై యాభై మంది జనం. కనకవ్వ పేరు పిలిచిన్రు. తలుపు కాడ, తొవ్వకు తెచ్చుకున్న కర్ర తల్లి చేతిల పెట్టి, నా దిక్కు ఒక్కసారి చూసి, లోపలికి నడిచిపోయింది. నేను నేర్పినట్టే పోయింది, భుజాలు ఎనుకకు, గదుమ పైకి. డాక్టరు "మల్ల ఒకసారి నడువమ్మా" అంటే మల్ల నడిచి చూపెట్టింది. "శభాష్" అన్నడాయన. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

కాయిదం చేతికొచ్చింది. ముప్పై అయిదు.

లోపలికి ఉరికిన, నోటికొచ్చినట్టు మాట్లాడిన. ఆయన కోపం చెయ్యలే. "ఆమె నడిచింది, నేను చూసింది రాసిన. మీకు సరి అనిపియ్యకుంటే మల్ల అర్జీ పెట్టుకోండి. పై నెల వేరే డాక్టరుంటడు" అన్నడు. బయటికొస్తుంటే తలుపు కాడి అటెండరు అంబదాస్ నన్ను పక్కకు పిలిచిండు. ఆదిలాబాద్ దిక్కు మనిషి. "అమ్మా, ఏమనుకోకు. ఈడికి మంచిగ తయారై ఎవరన్న వస్తరా? గీ వరండల కూసున్నోళ్లందరికి ఎరుక, నీకే ఎరుక లేదు" అన్నడు.

నిజమే. నాకు ఎన్నడు గా కాయిదంతోని అక్కెర పడలే. తినేదానికి ఉన్నది, ఉండేదానికి ఉన్నది. ఒడ్డు మీద కూసుండి ఈత నేర్పినట్టయింది నా పని.

బూతు అర్జీలకు ఇంకా నలభై రోజుల గడువున్నది. నాలుగైదు దినాలు నాలోపల నేనే కొట్లాడుకొని, ఆఖరికి కనకవ్వ ఇంటికి పోయిన. "ఈసారి కాలిపర్ తొడుక్కోకు. లోపలికి... ఎనుకటి లెక్క పో" అన్న. ఆ మాట అంటుంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెలువలే.

కనకవ్వ కాలిపర్ బెల్టు సరిచేసుకున్నది. తర్వాత, "మరి చెప్పులు తెచ్చుకోవాల్నా?" అన్నది.

"ఏం చెప్పులు?"

"చేతులవి."

పై నెల అదే వరండ. అవే ఉమ్ములు, అవే నీళ్లు. పంతొమ్మిదేండ్ల పిల్ల లంగ ఈడ్చుకుంట వాటి మీదికెళ్లి పాకింది, జనం జరిగి తొవ్వ ఇచ్చిన్రు. నేను పక్కన మద్రాసు కాలిపర్ తొడుక్కొని నిటారుగ నడిచిన. కొత్త డాక్టరు ఒక్కసారి చూసి డెబ్బై అని రాసిండు. తిరుగు బస్సుల బుచ్చవ్వ నాకు మొక్కబోతే చేతులు పట్టుకొని ఆపిన. కనకవ్వ కిటికీ దిక్కే చూసింది.

బూతు వచ్చింది. పసుపు రంగు పెట్టె, ఎర్రంకెలు తిరిగే మీటరు. తల్లీబిడ్డల బతుకు ఒక దారిన పడ్డదనుకున్న. నెల తిరగలే, సిద్దిరాములు అర్జీ పెట్టిండు. అతను గూడ మా సంఘపాయనే, రైసుమిల్లుల కుడిచెయ్యి పోయింది, బూతు కోసం అతనూ ఆశపడ్డడు. "నడిచే పిల్లకు డెబ్బై వంతులెట్ల ఇచ్చిన్రు" అని రాసిండు. ఏమనాలె అతన్ని? కనకవ్వను గోదారి దాక నడిపిచ్చి ఊరందరికి చూపెట్టింది నేనే గద. విచారణకు ఆఫీసరు ఎప్పుడైనా రావచ్చన్నరు. కాయిదం అబద్ధమని తేలితే బూతు పోతది, ఉల్టా కేసైతది.

"విచారణ అయ్యేదాక జర కాలిపర్ తొడుక్కోకు. ఎవరి కంట్ల పడొద్దు" అని మల్ల నేనే చెప్పిన.

కనకవ్వ సరే అన్నది. రోజూ పొద్దుగాల ఇంటి నుంచి బస్టాండు దాక పాక్కుంట పోయేది, చీకటి పడ్డంక పాక్కుంట వచ్చేది. ఆఫీసరు ఆ నెల రాలే. వానకాలంల రాలే. బురదల ఆ పిల్ల పోవుడు ఒక్కసారి చూసిన, మల్ల ఆ దారికే పోలే. సంఘం మీటింగులు గూడ నేనే తక్కువ చేసిన. రూళ్లు చదవాలంటే నాకు నోరు రాకపోయేది.

మల్ల ఎండకాలమొచ్చింది. సిద్దిరాములుకు వేరే ఊర్ల బూతు ఇచ్చిన్రు, అర్జీ వాపసు తీసుకున్నడు. విచారణ బందైందని ఆఫీసుల రాసిచ్చిన్రు. ఆ కాయిదం పట్టుకొని ఏడాది తర్వాత బస్టాండుకు పోయిన. ఎవనికో దుబాయ్ నంబరు కలిపి కనకవ్వ నా దిక్కు చూసింది. చిక్కింది గాని ముఖం మంచిగనే ఉన్నది.

"ఇంక ఎవ్వరు రారు. రేపటి నుంచి కాలిపర్ తొడుక్కో. ఎవనికీ భయపడే పని లేదు" అన్న.

ఆ మనిషి పెట్టెల నుంచి బయటికొచ్చేదాక ఆమె ఆగింది, చిల్లర ఇచ్చి పంపిచ్చింది. తర్వాత లంగ కొద్దిగ పైకి జరిపి కాలు చూపెట్టింది. మోకాలు ముడుచుకపోయి మడమ తొడకు ఆనుకున్నది.

"చలికాలంల ఒకనాడు ఇంట్ల తొడుగబోయిన. అందులకు కాలు పోలే. కట్టు కట్టినాయన దగ్గరికి అవ్వ తీస్కపోయింది, ఇంక సాగదన్నడు" అన్నది.

కనకవ్వ లంగ సరిచేసుకొని, నన్ను సముదాయించినట్టు మెల్లగ అన్నది. "ఫికర్ చెయ్యకక్కా. ఎవరొచ్చి చూసినా ఇప్పుడా డెబ్బై వంతుల కాయిదం నిజమే."