బ్యాటరీ నీళ్ళు తెల్లబడ్డ రోజు

మా బోరు నీళ్ళు ఉప్పబడ్డాయని నేను చెబితే ఊళ్ళో ఎవరూ కాదనలేదు. అవునని కూడా అనలేదు. నాకు కోపం వచ్చింది అందుకే.

మా ఇల్లూ బోరూ చేనుని ఆనుకునే ఉన్నాయి. ఆ చేను గట్టుకి అవతల గంగబాబు రొయ్యల చెరువు ఉంది. గంగబాబు మా పినతండ్రి మనవడు, నాకు కొడుకు వరస. చెరువు తవ్విన దగ్గర్నుంచీ ఆ గట్టు పక్కన వరి పసుపు తిరిగిపోతోంది, ఆకు కొసలు మాడిపోతున్నాయి. కొబ్బరికాయ చిన్నబడింది. ఇప్పుడతను మా చేనుకి రెండో పక్కన కూడా చెరువు తవ్వుతానంటున్నాడు. సరిహద్దు రైతుగా నేను అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. పెట్టనన్నాను. రెండు చెరువుల మధ్య ఇరుక్కుంటే ఆ చేను ఇక చేను కాదు. నా కొడుకు కువైట్‌లో డ్రైవరు. ఎప్పుడైనా వచ్చేస్తే వాడికి చేసుకోవడానికి ఉన్నది ఆ చేనొక్కటే.

తగువు రామ్మూర్తి గారి అరుగు మీదికి వెళ్ళింది. ఆయన మా ఊరి పెద్ద, నాకు బావగారి వరస.

"సముద్రం పక్కన ఊరు గదండీ బావగారూ. నీళ్ళు ఉప్పగా కాక తియ్యగా ఉంటాయా?" అన్నారాయన.

"అందరి బోర్లూ సముద్రం పక్కనే ఉన్నాయండీ. నా బోరే ఎందుకు చెడిందంటారు?"

గంగబాబు ఊరుకోలేదు. "పెదనాన్న గారికి బీపీ అండీ. డాక్టరు గారు ఉప్పు మానెయ్యమన్నారు. అలవాటు తప్పిన నాలుక గదా, మంచినీళ్ళు తాగినా ఉప్పగానే తగుల్తున్నాయి."

అరుగు మీదున్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

"నాలుక సాక్ష్యాలు వద్దండీ," అన్నారు రామ్మూర్తి గారు. "పదిమంది కళ్ళకీ కనపడేలా చూపించండి. చూపిస్తే గంగబాబు ఆ పక్క జోలికి రాడు. చూపించలేకపోతే మీరు సంతకం పెట్టెయ్యాలి. ఏవంటారు?"

"ఆయ్," అన్నాను. గంగబాబు కూడా ఆయ్ అన్నాడు.

కళ్ళకి ఎలా చూపించాలో నాకు తెలియదు. నేను చదివింది మూడో తరగతి. ఇంటికొచ్చి మనవరాలు సత్యశ్రీకి చెప్పాను. అది అమలాపురంలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. విని ఎగిరి గంతేసింది.

"ఓస్, ఇంతేనా తాతయ్యా! సిల్వర్ నైట్రేట్ అని మందుంటుంది. ఉప్పు నీళ్ళలో నాలుగు చుక్కలేస్తే పాలు విరిగినట్టు తెల్లగా అయిపోద్ది. మా కాలేజీలో రమణబాబు సార్ని అడిగి కొంచెం తెస్తాను."

తెచ్చింది. గోధుమ రంగు సీసాలో, వెలుగు తగలకుండా కాగితం చుట్టి తెచ్చింది. దాని చేతి వేళ్ళకి నల్ల మచ్చలు పడ్డాయి. ఆ మందు ఒంటికి తగిలితే అంతేనట.

నాకు ఏదైనా అర్థమయ్యే దాకా మనసు ఒప్పుకోదు. తెల్లగా ఎందుకవుతుందే అని అడిగాను.

"ఉప్పు నీళ్ళలో కరిగితే రెండు ముక్కలైపోద్ది తాతయ్యా. అందులో ఒకటి క్లోరైడ్. ఈ మందులో వెండి ముక్క ఉంటుంది. నీళ్ళలో అదీ ఇదీ తిరుగుతుంటాయి. పెళ్ళిపందిట్లో ఆడపెళ్ళివారు ఇద్దరు, మగపెళ్ళివారు ఇద్దరు ఉన్నారనుకో. అటువాళ్ళు ఒక్కొక్కరూ ఇటువాళ్ళందర్నీ పలకరిస్తే ఎన్ని పలకరింపులు?"

"నాలుగు."

"అటు ఆరుగురు, ఇటు ఆరుగురు అయితే?"

"ముప్పై ఆరు. ఇది ఎక్కమే గదే."

"ఎక్కమే. కూడకూడదు, గుణించాలి. అలా గుణించిన లెక్కకి ఒక్కో జంటకీ ఒక్కో హద్దుంటుంది. దాన్ని ద్రావణీయతా లబ్ధం అంటారు. హద్దు లోపలుంటే జంటలు విడివిడిగా తిరుగుతానే ఉంటాయి, మనకి నీళ్ళే కనపడతాయి. హద్దు దాటిందా, దాటినంత మేరా జతకట్టి అడుక్కి కూర్చుండిపోతాయి. ఆ కూర్చున్నదే తెలుపు."

"మరి మామూలు ఉప్పు గుప్పెడేసినా కరిగిపోద్ది గదే?"

"దాని హద్దు చాలా పెద్దది. అందుకే ఉప్పు మళ్ళలో అన్నేసి రోజులు ఎండబెడితే గానీ గడ్డ కట్టదు. ఈ వెండి, క్లోరైడ్ జంట హద్దు మాత్రం ఇంతంటే ఇంతే. చిటికెడులో చిటికెడు ఉప్పున్నా పట్టేసుద్ది."

"ఆ హద్దు ఎప్పుడూ ఒకటేనా?"

"వేడిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుద్ది. మనుషుల్ని బట్టి మాత్రం మారదు."

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. మనుషుల్ని బట్టి మారనిది ఒకటి దొరికిందనుకున్నాను.

మూడు గ్లాసులు పెడదామంది. ఒక దాంట్లో మా బోరు నీళ్ళు. రెండో దాంట్లో చెరువులకి దూరంగా ఉన్న బడి దగ్గర బోరు నీళ్ళు. మూడో దాంట్లో బ్యాటరీ నీళ్ళు, అంటే కార్ల బ్యాటరీలో పోసే ఆవిరి పట్టిన నీళ్ళు. వాటిలో ఉప్పన్నదే ఉండదు. "మందు అన్నిటినీ తెల్లగా చేసేస్తోందని గంగబాబు చిన్నాన్న అనకుండా ఆ మూడోది," అంది. ఇంట్లో ఒకసారి వేసి చూపించింది. బ్యాటరీ నీళ్ళు కదల్లేదు. బడి నీళ్ళు పొగమంచులా మసకేశాయి. మా బోరు నీళ్ళు తోడుపెట్టిన పెరుగులా ముద్దలు కట్టాయి. నేను గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మూడేళ్ళుగా నేను చెబుతున్నది కళ్ళ ముందు గడ్డ కట్టింది.

అనుకున్న రోజున రామ్మూర్తి గారి అరుగు నిండిపోయింది. సత్యశ్రీ ముందే వెళ్ళి వాళ్ళింటి గాజు గ్లాసులు సీసాలో పట్టుకెళ్ళిన బ్యాటరీ నీళ్ళతో తనే కడిగి బోర్లించింది. మిగిలిన నీళ్ళ డబ్బా మా కోడలు వీరవేణి తీసుకురావాలి. వీరవేణి వచ్చింది. చేతిలో డబ్బా లేదు. బంగారంలా మెరిసిపోతున్న ఇత్తడి చెంబు ఉంది.

"ఇదేంటమ్మా?" అంది సత్యశ్రీ.

"నీ నీళ్ళేనే. డబ్బాలోవే పోసి తెచ్చేను."

సత్యశ్రీ చెంబులోకి తొంగి చూసింది. గంగబాబు వాచీ చూసుకున్నాడు. "కానీ అమ్మా కానీ. అవతల నా రొయ్యలకి మేత టైమైపోతోంది."

అది మూడు గ్లాసుల్లో నీళ్ళు పోసింది. ముందు బ్యాటరీ నీళ్ళ గ్లాసులోనే చుక్కలు వేసింది, ఇది మారదు చూడండి అంటూ.

మారింది. మాట పూర్తి కాకుండానే గ్లాసంతా తెల్లటి పొగ కమ్మింది.

ఎవరో కిసుక్కుమన్నారు. సత్యశ్రీ ఆ గ్లాసు పక్కకి జరిపింది. గబగబా మిగతా రెండింట్లో వేసింది. బడి నీళ్ళు మసకబారాయి. మా నీళ్ళు గడ్డ కట్టాయి.

"చూడండి, ఈ రెండిట్లో మసకే ఉంది. ఇది ముద్ద కట్టింది, తేడా చూడండి," అంటోంది అది. ఎవరు వింటారు? మూడూ తెలుపే.

"ఏంటండీ పెదనాన్న గారూ, బ్యాటరీలో కూడా నా రొయ్యలే పెరుగుతున్నాయా?" అన్నాడు గంగబాబు.

ఆ నవ్వు వీధి చివరి దాకా వినపడి ఉంటుంది. రామ్మూర్తి గారు మాత్రం నవ్వలేదు. గ్లాసుల వైపు చూశారు, చెంబు వైపు చూశారు. "చిన్నపిల్ల గదండీ, ఏదో చదువుకున్నది చూపించింది. సంతకం సంగతి రెండ్రోజుల్లో చూద్దాం," అని లేచారు.

ఇంటికొచ్చాక సత్యశ్రీ డబ్బా అడుగున మిగిలిన నీళ్ళు తీసి చుక్క వేసింది. తేటగా ఉన్నాయి. చెంబులో నీళ్ళకి వేసింది. తెల్లబడ్డాయి. చెంబు ఎత్తి చూసింది.

"అమ్మా, దీన్ని దేంతో తోమేవు?"

"ఇత్తడి దేంతో తోముతారే? చింతపండూ ఉప్పూ పెట్టి తోమేను. మన బోరు నీళ్ళతో కడిగేను."

"ఎవరు పొయ్యమన్నారు నిన్ను ఇందులో?"

"బాగుందే! రామ్మూర్తి గారంతటి వారి ముందు ప్లాస్టిక్ డబ్బా పెడతామా? ఇల్లూ వాకిలీ లేనోళ్ళనుకోరూ? నీళ్ళు నీళ్ళే గదా."

"నీళ్ళు నీళ్ళే కాదమ్మా!" అని అది చెంబు వాకిట్లోకి విసిరింది. చెంబు సొట్టపోయింది. వీరవేణికి విషయం అర్థమయ్యాక ఆ పూట అన్నం ముట్టలేదు.  నలుగురి ముందుకు వెళ్ళే చెంబు తోమకుండా ఏ కోడలు పంపుతుంది? పైగా దాన్ని కడిగింది ఏ నీళ్ళతో? ఏ ఉప్పు ఉందని మేం చూపించాలనుకున్నామో ఆ ఉప్పే చెంబులోకి దూరి మా సాక్ష్యాన్ని చెడగొట్టింది.

మర్నాడు పొద్దున్నే నేనూ సత్యశ్రీ రామ్మూర్తి గారింటికి వెళ్ళాం. సీసాలో కొద్దిగా మందు మిగిలింది. కొత్త బ్యాటరీ నీళ్ళ డబ్బా సీలు ఆయన ముందే విప్పాం. ఆయన కాఫీ ఇప్పించారు. చెంబు సంగతంతా ఓపిగ్గా విన్నారు.

"వెయ్యమ్మా, చూద్దాం," అన్నారు.

సత్యశ్రీ వేసింది. బ్యాటరీ నీళ్ళు తేటగా నిలిచాయి. మా నీళ్ళు గడ్డ కట్టాయి. ఆయన రెండు గ్లాసులూ వెలుగుకి ఎత్తి చాలాసేపు చూశారు.

"నిజమేనమ్మా," అన్నారు. "నిన్న చెంబు మెరుస్తుంటేనే నాకు అనుమానం వచ్చింది."

"మరి నిన్నే అనలేదేమండీ?" అంది సత్యశ్రీ.

ఆయన నా వైపు తిరిగారు. "బావగారూ, నిన్న ఊరంతా ఒకటి చూసింది. ఇవాళ నేనొక్కణ్ణీ ఇంకోటి చూసేను. ఊరు చూసింది పోయి నేను చూసింది నిలబడుద్దా?"

"మళ్ళీ పిలవండి అందర్నీ. మళ్ళీ చూపిస్తుంది."

"మళ్ళీ మళ్ళీ పిలిస్తే తగువుకి విలువేముంటుందండీ? పైగా..." ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టారు. "మీ దగ్గర దాపరికం ఎందుకు? ఆ చెరువు పక్కనున్న నా రెండు చెక్కల పొలం కూడా గంగబాబుకే లీజుకి ఇచ్చేసేను. వరి ఎవడు చేస్తాడండీ ఇప్పుడు?"

 సత్యశ్రీ గ్లాసులు సర్దుతోంది. 

"ఇంకోటండీ," అన్నారాయన, గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా. "మీ చేనుకి నీళ్ళొచ్చే బోదె కాలవ నా గట్టు మీంచే గదండీ వస్తోంది. ఇన్నాళ్ళూ మన మధ్య మాటా మాటా రాలేదు. ఇక మీదట కూడా రాకూడదనే నేను చూస్తున్నాను. సంతకం ఎప్పుడు పెడతారంటారు?"

దారిలో సత్యశ్రీ గట్టిగానే అంది. "పెట్టకు తాతయ్యా. ఆయనే నిజమని ఒప్పుకున్నాడు. కలెక్టరాఫీసుకి వెళ్దాం. నేనొస్తాను."

"వెళ్తే బోదె కట్టేస్తాడే."

"కడితే అప్పుడు చూద్దాం."

"అప్పుడు చూడ్డానికి చేలో ఏముంటుందే? నీళ్ళు రాకపోతే ఈ పంటే పోద్ది. చెరువొస్తే చేను నాలుగేళ్ళకి పోద్ది."

"అంటే నాలుగేళ్ళ కోసం పెడతావా?"

ఆయ్ అనలేదు, కాదూ అనలేదు. నడిచాను.

సంతకం గంగబాబు ఇంట్లో పెట్టాను. కుర్చీ వేశాడు, కొబ్బరి బొండం కొట్టించాడు. "మనసులో ఏం పెట్టుకోకండి పెదనాన్న గారూ. చెరువు పట్టుబడి రోజున మంచి రొయ్యలు పంపిస్తాను, టైగరు రొయ్యలు," అన్నాడు. పంపురా అన్నాను. ఆ బొండం తాగాను కూడా. ఎండలో వెళ్ళానేమో, దాహం వేసింది.

ఇంటికి వచ్చేసరికి సత్యశ్రీ గుమ్మంలోనే ఉంది. అడగకుండానే దానికి తెలిసిపోయింది.

"నువ్వు ఓడిపోలేదు తాతయ్యా," అంది. "నువ్వు గెలిచి వచ్చి మరీ సంతకం పెట్టేవు. ఓడిపోయుంటే నాకింత బాధుండేది కాదు."

నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. 

ఆ వారంలోనే పొక్లెయిన్ వచ్చింది. గట్టు మీద నిలబడి చూశాను. మొదటి బకెట్టు మట్టి ఎత్తి పోసింది. నల్లగా, జిగురుగా, ఎర్రలు కదులుతున్న మట్టి. చేత్తో కాస్త తీసి నాలిక్కి తగిలించుకుని చూశాను. చప్పగా ఉంది. దాంట్లో ఇంకా ఉప్పు లేదు.