జమున వదులుకున్న కోర్సు

మేనమామ ఇంట్లో ఉండి చదువుకోవడంలో సుఖమూ ఉంది, ముల్లూ ఉంది. చొప్పదండి దగ్గరి పల్లె నుంచి కరీంనగర్ వచ్చి బీకాం చదువుతున్న జమునకు ఆ రెండూ తెలుసు. మామ హనుమండ్లు మస్కట్‌లో పని చేస్తాడు. అత్తమ్మ మమతారాణి ఏ పూటా వడ్డనలో తేడా చూపించలేదు. ముల్లంతా మామ కూతురు దీపికతోనే. ఆమెదీ అదే కాలేజీ, అదే క్లాసు. జమున తెల్లారకముందే లేచి చదివి తెచ్చుకునే మార్కులకు, టీవీ చూస్తూ చదివే దీపిక జానెడు దూరంలో వచ్చి నిలబడేది. పైగా "అంత మా వదినె పుణ్యమే" అని నవ్వేది. ఆ నవ్వే జమునకు గుచ్చుకునేది.

డిగ్రీ ఆఖరి ఏడు పీజీ దరఖాస్తుల కాలం వచ్చింది. ఇద్దరూ ఫైనాన్స్ వైపే పోవాలనుకున్నారు. ల్యాప్‌టాప్ దీపికది, వెతుకులాట జమునది. ఎంబీయే ఎక్కడ మంచిది, ఎంకాం ఎక్కడ మంచిది, ఎక్కడ చదివినవాళ్లకు ఎలాంటి ఉద్యోగాలొచ్చాయి, అన్నీ ఆమే చూసేది.

అలా చూస్తుండగా ఒక మధ్యాహ్నం హైదరాబాద్‌లోని ఓ యూనివర్సిటీలో బీమా, రిస్క్ లెక్కల మీద పీజీ కోర్సు కంటపడింది. బీకాం వాళ్లనూ డిగ్రీ మార్కుల మీదే తీసుకుంటారట. జమున కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా వానలు మొహం చాటేసి పత్తి ఎండిపోయింది. పక్క మండలానికి పంట బీమా వచ్చింది, వాళ్లకు రాలేదు. బాపు రాజయ్య "మన నసీబు" అని ఊరుకున్నాడు గాని, జమునకు ఊరుకోబుద్ధి కాలేదు. రెండు మండలాల నడుమ ఆ గీత ఎవరు గీశారు, ఏ లెక్కతో గీశారు అని అప్పటి నుంచీ లోపల మెసులుతూనే ఉంది. దానికి జవాబు నేర్పే చదువు ఒకటుందని ఇన్నేళ్లకు తెలిసింది. సంతోషం పట్టలేక, పక్కనున్నది దీపిక అన్న సంగతి కూడా మరిచి, ఆ ముచ్చటంతా చెప్పేసింది.

దీపిక గడ్డం కింద చేయి పెట్టుకుని విన్నది. "మస్తున్నది వదినె. నేను గూడ గిదే పెడ్త."

"నీకెందుకే గది? లెక్కలంటె తలకాయ నొస్తదంటవు."

"నువ్వు చెప్తుంటె నొయ్యలే మరి."

"గిదేమన్న పెండ్లి బంతా, పక్కపక్కన కూసుండేటందుకు?"

హాస్యమనుకుని దీపిక నవ్వింది.

నాలుగు రోజుల తర్వాత జమున వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, ముందు గదిలో దీపిక మస్కట్‌కు ఫోన్ చేసి తండ్రితో మాట్లాడుతోంది. "చేను ఎండినా రాజయ్య మామోళ్లకు బీమా రాలేదు గద బాపు, గది ఎందుకు రాలేదో గీ సదువుల ఉంటదట. నాకు గదే సదవాలని ఉన్నది." అవతల మామ మురిసిపోతున్నట్టున్నాడు, దీపిక గొంతులో గారాబం పెరిగింది. జమున చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఎండింది తమ చేను. తలకు చేయి పెట్టుకుని గట్టు మీద కూర్చున్నది తన బాపు. ఆ దుఃఖాన్ని కూడా ఈ పిల్ల తన కోరికగా తొడుక్కుని తిరుగుతోంది.

ఆ రోజే జమున ఆ కోర్సు ఆశ వదిలేసింది. దీపిక చేరే చోట తాను చేరకూడదు, దీపిక కంటే పై మెట్టున ఉండాలి, అంతే. పేరున్న ఎంబీయే కాలేజీలు చూసి వాటికే దరఖాస్తు పెట్టింది. ఎందుకని దీపిక అడిగితే, "గా బీమా సదువు ఎవలకు గావాలె? ఎంబీయే అంటె నలుగురు ఎరుకపడ్తరు" అన్నది.

నిజంగానే ఎరుకపట్టారు. జమునకు పేరున్న కాలేజీలో ఎంబీయే సీటు వచ్చిందని తెలియగానే పల్లె నుంచి ఫోన్లు మోగాయి. రాజయ్య బస్సు దిగి బావమరిది ఇంటికి మిఠాయి పట్టుకొచ్చాడు. దీపికకు యూనివర్సిటీలో బీమా కోర్సు దొరికిందంటే మాత్రం అది దేనికి పనికొస్తుందని అందరూ అడిగారు. గెలిచింది జమునే. కాని ఇంట్లో దీపిక ఆ సిలబస్ కాగితాలు పరిచి కూర్చున్నప్పుడల్లా జమున కళ్లు అటే పోయేవి.

రాజయ్య మళ్లీ వచ్చిన ఓ సాయంత్రం దీపిక ఓ సంభావ్యత లెక్క అర్థం కాక ఆమెను పిలిచింది. జమున పెన్ను అందుకుంది. ఒక లెక్క చెప్పబోయి, అక్కడి నుంచి వానలకు, పంటలకు, ప్రీమియానికి వెళ్లిపోయింది. దీపిక కాగితం చూడడం మానేసి ఆమె ముఖమే చూసింది.

"గీ సదువు మీద గింత పానమున్నదానివి, నువ్వెందుకు పెట్టలే వదినె?"

జమున పెన్ను మూత బిగించింది. "నువ్వు పెట్టినవని."

దీపిక పరిచిన కాగితాలను ఒక్కచోటికి చేర్చింది. తర్వాత మెల్లగా, "గా మాట అప్పుడే చెప్తె నేను పెట్టకపోదును గద" అన్నది.

తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఇన్ని నెలలు తాను రాయిలా మోసినదాన్ని దీపిక ఈకలా పక్కన పెట్టేసేదట. ఆ తేలికను చూసి కూడా జమునకు అసూయే కలిగింది.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న రాజయ్య ఆగాడు. "ఒకల మీది పంతంతోని రెండేండ్లు సదువుతవా బిడ్డా? పంతానికి దున్నితె చేను పండుతదా?"

"మిగిలిన సీట్లకు స్పాట్ అడ్మిషన్ ఉన్నది మామ," అన్నది దీపిక. "పోయి చూద్దం."

ముగ్గురూ హైదరాబాద్ పోయారు. వరుసలో నిలబడ్డంతసేపూ దీపిక రాకుంటే బాగుండుననే అనుకుంది జమున. సీటు దొరికింది. ఎంబీయే వదులుకున్నందుకు ఊళ్లో నాలుగు రోజులు చెప్పుకున్నారు, తర్వాత మరిచిపోయారు.

హాస్టల్‌లో గదులు రాసే మేడం, "ఇద్దరూ చుట్టాలేనా? ఒకే రూం ఇయ్యాల్నా?" అని అడిగింది.

దీపిక ఊఁ అనబోయింది.

"వద్దు మేడం," అన్నది జమున. తర్వాత దీపిక వైపు తిరిగి, దాచకుండా చెప్పింది. "నీతోని ఒక్క రూంల ఉంటె నా కన్ను పుస్తకం మీద ఉండదే. నీ మీదనే ఉంటది."

దీపిక ముఖం చిన్నబోయింది. "ఎదురు రూం అడుగుదునా మరి?" అన్నది.

జమున ఆలోచించింది.

"ఎదురుది వద్దు. పై అంతస్తుల అడుగు" అన్నది. దీపిక పెట్టె బరువుగా ఉందని చూసి, ఆ మెట్లన్నీ తానే మోసుకెళ్లింది.