తేలిన చుక్క

"కడుపు నింపుకొని చేసే ప్రార్థన ప్రభువుకు అందదే" అంటుంది మా అత్తమ్మ దయావతి. ఆ మాట అన్నప్పుడల్లా నేను పొయ్యి ముందే ఉంటాను, అందరి బాక్సులు సర్దుతూ. మా ఆయన స్టాన్లీ ఉద్యోగం పర్మినెంట్ కావాలని శుక్రవారాలు ఉపవాసం ఉన్నది నేను. అయ్యాక కృతజ్ఞతగా ఉంటున్నదీ నేనే. జీతం ఆయనది, ఆకలి నాది! మిగతా రోజుల్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తింటాను. కళ్ళు తిరిగితే ఇంత చాయ్ తాగి పటాన్‌చెరు బస్సెక్కుతాను.

ప్యాకింగ్ సెక్షన్‌లో నా పక్కన నిలబడే పుష్పమ్మదీ నాదీ ఒకటే గ్రూపు, ఓ నెగెటివ్. దొరకని రక్తం. మెడలోని కంపెనీ కార్డులు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. "నీకు నేనున్న, నాకు నువ్వున్నవ్ ఎల్సక్కా. ఇగ మనకేం ఫికర్!" అనేది. పోయినేడు కంపెనీలో రక్తదాన శిబిరం పెడితే ఇద్దరం ఇద్దామనుకున్నాం. "ఆడోళ్ళకు నెలనెలా పోయేది సాలదా? నువ్వు కండ్లు తిరిగి పడ్తే ఇంట్ల ఎవరు వండాలె?" అన్నాడు స్టాన్లీ. తను మాత్రం ఇచ్చి, సర్టిఫికెట్ పట్టుకుని ఫోటో దిగాడు. ఆ రోజు వెళ్ళి ఉంటే నా ఒంటి సంగతి అప్పుడే తెలిసేది. మందులేసుకుని, ఇంత తిని, బాగుపడేదాన్ని. ఇప్పుడదే గుండెను తొలుస్తోంది.

పుష్పమ్మకు నొప్పులు మొదలైన రోజు, సుఖంగా కాన్పు కావాలని నేను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మధ్యాహ్నం ఆమె భర్త లింగం ఫోన్ చేశాడు. "అక్కా, ఆడపిల్ల పుట్టింది. పుష్పకు రక్తం ఆగుతలేదు. జల్దీ రా!"

ఆటోలో సంగారెడ్డి ఆసుపత్రికి ఉరికాను. నర్సు నా వేలు పొడిచి, రక్తపు చుక్కను నీలం నీళ్ళలో వేసింది. బలమున్న రక్తమైతే మునగాలట. నాది తేలింది. మళ్ళీ పొడిచింది. మళ్ళీ తేలింది.

"నీకే రక్తం ఎక్కియ్యాలె తల్లీ. పొద్దున ఏం తిన్నవ్?"

"ఉపవాసమున్న. ఆమె కోసమే."

లింగం గుమ్మంలో నిలబడి వింటున్నాడు. హైదరాబాద్ నుంచి రక్తం వచ్చేసరికి పుష్పమ్మ లేదు. అయ్యో, నన్నే నమ్ముకుని ఉండె గదా!

నిన్న శుక్రవారం. "తల్లిలేని పసిగుడ్డు కోసం ఉపవాసముండు బిడ్డా" అంది అత్తమ్మ. నేను కంచం తెచ్చుకుని అన్నం, పప్పు, రెండు గుడ్లు వడ్డించుకుని కూర్చున్నాను.

"మొగోడు తినకముందే ఏందే గిది?"

ముద్ద మింగి చెప్పాను. "ఆ పిల్లది గూడ ఓ నెగెటివే అత్తమ్మా."